ఒళ్లో పాపాయి, చేతిలో బొమ్మల కార్డు

అంగన్‌వాడీలో పనిచేసిన రోజుల నుంచి మనవల దాకా, పసిపిల్లలకు బొమ్మలు చూపిస్తూనే ఉన్నాను. ఇప్పుడు కడుపుతో ఉండగానే ఫ్లాష్ కార్డుల డబ్బా కొనిపెట్టుకుంటున్న అమ్మాయిలు, వాటిని ఎప్పుడు తియ్యాలి, ఎలా చూపించాలి అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది.

1. తొలి నెలల్లో కార్డు కంటికే. అప్పుడే పుట్టిన బిడ్డకు 20–30 సెంటీమీటర్లు దాటితే అంతా మసక. పాలు తాగేటప్పుడు తల్లి మొహం ఉండేది ఆ దూరంలోనే. తెల్ల అట్ట మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీతలు, గళ్లు గీస్తే చాలు, కళ్లప్పగించి చూస్తారు. ఉత్త రంగు పలకల కన్నా మొహం గీసిన బొమ్మనే పసికందులు ఎక్కువసేపు చూస్తారని 1960ల్లోనే అమెరికాలో రాబర్ట్ ఫాంట్జ్ పరీక్షించి చెప్పాడు. కాబట్టి కార్డు పక్కన మీ మొహం ఉండాలి.

2. మొహం తిప్పుకుంటే ఆపెయ్యండి. ఆవలించినా, ఒళ్లు విరుచుకున్నా అంతే. ఒకటి రెండు నిమిషాలు చూస్తే ఆ పూటకు ఎక్కువే.

3. నెలల బిడ్డకు చదవడం వచ్చేస్తుందంటే నమ్మకండి. గ్లెన్ డోమన్ 1964లో పసివాళ్లకు చదువు నేర్పడంపై పుస్తకం రాశాక, పెద్ద ఎర్రటి అక్షరాల కార్డులను చకచకా తిప్పి చూపించే పద్ధతి దేశదేశాలకూ పాకింది. 2014లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 117 మంది పిల్లలతో ఇలాంటి పద్ధతినే పరీక్షించారు. తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల వయసు వాళ్లలో కొందరికి ఏడు నెలలపాటు కార్డులు, వీడియోలు, పుస్తకాలు ఇచ్చారు. చివరికి చూస్తే, చదవడంలో వాళ్లకూ ఇవేవీ లేని పిల్లలకూ తేడా లేదు. తల్లిదండ్రులు మాత్రం మావాడు నేర్చుకున్నాడనే గట్టిగా నమ్మారు. ఆ నమ్మకం నాకు అర్థమవుతుంది. బిడ్డ తలతిప్పి చూసినా మనకు అద్భుతంలాగే ఉంటుంది. కానీ దాని మీద వేలు ఖర్చుపెట్టే ముందు ఆగండి.

4. పేరు చెప్పి తిప్పెయ్యకండి, మాట్లాడండి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. "ఆవు" అని మరో కార్డు తీస్తే బిడ్డకు ఏం అందుతుంది? "ఇదిగో ఆవు, నాన్నా! పొద్దున మన గేటు దగ్గరికొచ్చి అంబా అంది చూడు, తాతయ్య అరటితొక్క పెట్టాడు" అనండి. వాడు "ఊఁ" అంటే మీరూ "ఊఁ" అనండి, ఆగండి, మళ్లీ చెప్పండి. 2003లో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా భాష వినిపించింది. ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. అదే వయసు పిల్లలు టీవీలో విన్నప్పుడు పట్టుకోలేకపోయారు.

ఇంకో సంగతి. తొమ్మిది నెలల బిడ్డ బొమ్మలోని వస్తువును చేత్తో తీసుకోబోతాడు. అది బొమ్మ అని తెలిసి వేలితో చూపించడం ఏడాదిన్నర దాటాక కుదురుతుంది. అందుకని ముందు బుట్టలోని టమాటా చేతికివ్వండి, తర్వాతే కార్డు. కొన్న డబ్బాల్లో మంచు ఇళ్లు, జడల బర్రెలు ఉంటాయి. వాటికి తొందరేం లేదు. అమ్మమ్మ, మేనమామ, చెంబు, దువ్వెన, పెరట్లో జామచెట్టు ఫొటోలు తీసి అట్టలకు అంటించండి. అంతకన్నా మంచి కార్డులు నేను చూడలేదు.

5. చుట్టాల ముందు పరీక్ష పెట్టకండి. "ఏదీ, ఏనుగేది?" అని పదిమందిలో అడిగితే బిడ్డ బిక్కమొహం వేస్తాడు. ఆటలో తనంతట తాను చూపించినప్పుడు మురిసిపోండి, చాలు.

6. కార్డు నోట్లోకి పోతుంది. అంచులు గుండ్రంగా కత్తిరించండి. చిరిగే పలచటి కాగితం, ఊడొచ్చే రింగు వద్దు.

7. ఫోన్లో కార్డుల యాప్‌లు వద్దు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే చూపించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏడాదిన్నర లోపు పిల్లలకు వీడియో కాల్ ఒక్కటే ఫరవాలేదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో సడలింపు ఇచ్చింది. డల్లాస్‌లోనో, సిడ్నీలోనో మనవలున్న అమ్మమ్మలకు అదే ఆసరా. మీరిక్కడ వంకాయ చూపిస్తుంటే, అక్కడ మీ అమ్మాయిని పక్కనే కూర్చుని ఇంకో వంకాయ బిడ్డ చేతిలో పెట్టమనండి.