బెట్టలో వేరుశనగ, బ్యాంకులో పంట రుణం

కంబదూరు మండలంలోని ఎర్రనేలల్లో జూలై పదునుకు విత్తిన వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే ఆకుముడత పురుగు రేగుతుంది, దానితోపాటే మందుల దుకాణాల్లో అరువు ఖాతాలూ పెరుగుతాయి. ఈ నెలలో పురుగుకన్నా ఆ అరువే ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది.

ఆ అరువుకు బదులు ప్రభుత్వ రుణమా, బ్యాంకు అప్పా అని తూచి చూసే రైతు గుర్తించవలసినది, ప్రభుత్వ మద్దతు గల పంట రుణం కూడా బ్యాంకు ద్వారానో సహకార సంఘం ద్వారానో అందుతుందనీ, తేడా అంతా ఆ అప్పు ఏ ఖాతా కింద నమోదైందన్న దానిలోనే ఉందనీ. కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు తీసుకునే స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ 7 శాతం కాగా, గడువులోగా చెల్లించినవారికి కేంద్రం అందులో 3 శాతం తగ్గిస్తుంది. మిగిలిన 4 శాతం పల్లె లెక్కలో నూటికి నెలకు 33 పైసలు. బయట పలికే రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయల మీద ఒకటి 4 వేలయితే మరొకటి 24 వేలు. ట్రాక్టరుకో బోరుకో తీసుకున్న దీర్ఘకాలిక రుణం గానీ, కార్డు ఖాతాతో సంబంధం లేకుండా బంగారం కుదువపెట్టి తెచ్చిన అప్పు గానీ ఈ రాయితీ కిందికి రావు.

కరువు సీమలో రీషెడ్యూలు సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. పంట నష్టం 33 శాతం లేదా అంతకు మించి ఉన్నప్పుడు బ్యాంకు పంట రుణాన్ని వాయిదాల రుణంగా మార్చి గడువు పొడిగిస్తుంది. దీనినే రీషెడ్యూలు అంటారు. అయితే అలా మారిన మొత్తంపై వడ్డీ రాయితీ సాధారణంగా తొలి ఏడాదికే వర్తించి, రెండో ఏడాది నుంచి బ్యాంకు మామూలు వడ్డీ మొదలవుతుంది కనుక, సంతకం పెట్టే ముందే ఆ రేటును కాగితం మీద రాయించుకోవాలి. కౌలు రైతులు ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) ప్రకారం 11 నెలలకు ఇచ్చే సాగు హక్కు పత్రంతో రుణం అడగవచ్చు, కాని దానికి భూయజమాని అంగీకారం కావాలి; అక్కడే చాలామంది ఆగిపోతున్నారు.

ఇంత చవకగా తెచ్చిన డబ్బు దుకాణదారు చేతికి వృథాగా పోకూడదు. ఆకుముడత పురుగు రెండు మూడు చిట్టి ఆకులను గూడులా కలిపి, లోపల దాగి పచ్చదనాన్ని గీకి తింటుంది. ముడతలు విప్పి చూసినప్పుడు పురుగు బతికి కనిపిస్తేనే లీటరు నీటికి 2 మి.లీ. క్వినాల్‌ఫాస్ కలిపి పిచికారీ చేయాలి. లోపల ప్యూపా, అంటే నిద్రావస్థలోని పురుగు, ఉన్నా, ముడత ఖాళీగా ఉన్నా మందు కొట్టడం డబ్బును మట్టిలో పోయడమే. గట్టి వాన ఒక్కటి పడితే ఈ పురుగు దానంతటదే తగ్గుతుంది. ఇది తెలిసి కూడా నాలుగు మందులు కలిపి, పైన ఏదో టానిక్ జోడించి అంటగట్టే డీలర్లకు తలవంచడం ఎందుకో అర్థం కాదు. అరువుకిచ్చిన డబ్బాకు బిల్లు ఇవ్వని దుకాణంలో కొనవద్దు.

ఇతర పంటల విషయానికొస్తే, ఆముదంలో దాసరి పురుగులను కొద్దిగా ఉన్నప్పుడే చేతితో ఏరివేయాలి. పూతకు రాని కందికి ఈ నెలలో మందు పని లేదు.