ఒక్కరు చాలు

"ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అని సామెత. హాస్టల్లో మనం పది నెలలు కలిసే తింటాం, కలిసే పడుకుంటాం. అందుకే పక్కనున్న పిల్లల మాట మన మీద బాగా పనిచేస్తుంది. పొద్దున స్టడీకి అందరూ లేస్తే నిద్రమొహం పిల్ల కూడా లేస్తుంది. ఇది మంచిదే. కానీ చెడుకు కూడా అలాగే లాగుతారు.

పోయిన సంవత్సరం జూలైలో మా తరగతికి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో కోయ మాట వచ్చేసేది. అందరూ నవ్వేవారు. "దానితో మాట్లాడితే నీతో మాట్లాడం" అని నాకు చెప్పారు. నేనూ కోయ పిల్లనే. మా ఇంట్లో అమ్మా నాయనా కోయలోనే మాట్లాడతారు. నేను మూడో తరగతిలో వచ్చినప్పుడు నన్ను చూసి కూడా ఇలాగే నవ్వారు. అయినా నేనూ నవ్వాను. ఆ పిల్ల సగం అన్నం వదిలేసి పళ్ళెం కడుక్కునేది.

ఒకరోజు టీచర్ గారు క్లాసులో ఒక ప్రయోగం గురించి చెప్పారు. 1950ల్లో అమెరికాలో సాల్మన్ ఆష్ అనే శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏది అని అడిగారు. చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ ఒక్కరికి తప్ప మిగతా వాళ్ళందరికీ తప్పు చెప్పమని ముందే నేర్పారు. ఆ ఒక్కరు ఏం చేస్తారో చూడటమే పరీక్ష. అలా పరీక్షించిన వాళ్ళలో నూటికి 75 మంది కనీసం ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పే చెప్పారట. తర్వాత గుంపులో ఒకరిని నిజం చెప్పమన్నారు. అప్పుడు తప్పులు నాలుగో వంతుకు తగ్గిపోయాయట.

నాకు సిగ్గేసింది. ఆ రాత్రి నా పళ్ళెం తీసుకెళ్ళి ఆమె పక్కన కూర్చుని, "మీ ఊరు ఎక్కడ?" అని కోయలో అడిగాను. ఆమె తలెత్తి చూసింది. నా జట్టువాళ్ళు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఒకామె వచ్చి మా దగ్గరే కూర్చుంది. ఇద్దరు ఇప్పటికీ సరిగ్గా మాట్లాడరు. ఫర్వాలేదు.

నేను నేర్చుకున్నవి:

1. కొత్తవాళ్ళను పేరు, ఊరు అడగాలి. పేరు పెట్టి పిలవాలి. వెక్కిరింపు పేర్లు పెట్టకూడదు.

2. కలిసి పని చేస్తే స్నేహం తొందరగా కుదురుతుంది. బకెట్ పట్టుకోవటం, జడ వేయటం కూడా చాలు.

3. తప్పు పనికి పిలిస్తే "నేను రాను" అని చెప్పి ఊరుకోవాలి. పోట్లాడక్కర్లేదు.

4. మనలాగే ఇష్టం లేనివాళ్ళు ఇంకొకరు ఉంటారు. వాళ్ళను వెతకాలి. ఇద్దరైతే భయం తగ్గుతుంది.

5. కొట్టటం, దొంగతనం, గోడ దూకటం లాంటివైతే పెద్దవాళ్ళకు చెప్పాలి. అది చాడీ కాదు.

వార్డెన్ గారికి ఒక మనవి. వచ్చి చెప్పిన పిల్ల పేరు అందరి ముందు చెప్పకండి. చెబితే మళ్ళీ ఎవ్వరూ రారు.

అక్కలారా, చెల్లెళ్ళారా! ఈ సంవత్సరం కొత్తగా వచ్చిన చిన్నపిల్లలు సాయంత్రం గేటు వైపు చూస్తూ కూర్చుంటున్నారు. వాళ్ళ పక్కన ఒక్కరు కూర్చోండి, చాలు.

— 9వ తరగతి విద్యార్థిని