కాలు లాక్కుంది, సరే

గుంటూరు,
ఆదివారం

చిట్టీ,

నువ్వు పంపిన గ్రాఫ్ చూశాను. మందిచ్చిన ఎలుకల గీత పైకి లేచింది, ఇవ్వనివాటి గీత కిందే పడి ఉంది, మధ్యలో తేడా గట్టిదని చెప్పే మూడు నక్షత్రాలు. “మామయ్యా, నొప్పి తగ్గింది!” అని రాశావు. మీ అమ్మ ఆ ఫొటోని పక్కింటి వాళ్ళకి కూడా చూపించిందట, అదేమిటో ఆవిడకీ తెలీదు, వాళ్ళకీ తెలీదు. నాకూ సంతోషంగానే ఉంది. కానీ ముప్పై ఏళ్ళు ఇదే పని చేసినవాణ్ణి కాబట్టి ఒక్క మాట అడక్కుండా ఉండలేను. నొప్పి తగ్గిందని నీతో ఎవరన్నారు?

ఎలుక అనలేదు కదా. నువ్వు దాన్ని ఇనప జాలీ మీద, అద్దంలాంటి డబ్బాలో అరగంట వదిలేశావు. మూలమూలా వాసన చూసింది, ముందుకాళ్ళతో మొహం తుడుచుకుంది, చివరికి ఒకచోట ముడుచుకుని సర్దుకుంది. అప్పుడు జాలీ కిందనుంచి వాన్ ఫ్రే వెంట్రుకని, అంటే సన్నటి నైలాన్ పోగుని, దాని వెనకపాదం మధ్యలో ఆనించి, అది విల్లులా వంగేదాకా నొక్కి పట్టావు. కాలు లాక్కుంటే ఒక గుర్తు, లాక్కోకపోతే ఇంకో గుర్తు. నీ దగ్గరున్నది ఆ గుర్తుల లెక్క. కాలు లాక్కోవడానికి వెన్నుపాము చాలు, పైనున్న మెదడుతో సంప్రదింపులు అక్కర్లేదు. 1941 నుంచి వాడుతున్న తోక పరీక్ష సంగతీ అంతే. వెన్నుపాముని మెదడునుంచి విడగొట్టినా వేడి తగిలితే తోక కదులుతుంది. కాబట్టి “పాదం లాక్కునే హద్దు పెరిగింది” అని రాయి. నొప్పి అన్న మాట ఇంకా మన చేతికి రాలేదు.

మీ అమ్మమ్మకి సర్పి వచ్చిన ఏడాది నువ్వు చాలా చిన్నదానివి. ఎడమవైపు పక్కటెముకల మీద బొబ్బలు నెలలోపే మానిపోయాయి, నొప్పి మాత్రం ఉండిపోయింది. రవిక వేసుకోలేకపోయేది. కొంగు జారి అక్కడ తగిలితే ఉలిక్కిపడేది. ఫ్యాను గాలి పడకుండా గోడవైపు తిరిగి పడుకునేది. డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. “అమ్మా, సున్నా నుంచి పదిలో ఎంత నొప్పి?” అని అడిగారాయన. “లెక్కలేంటి నాయనా! పగలంతా మంట, రాత్రయితే సలుపు, తెల్లవారుజామున పోట్లు” అంది. ఆయన చీటీ మీద 7 వేశారు. ఆయన్ని తప్పుపట్టను, బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు. నాకు సిగ్గేసింది మాత్రం నా గురించే. అప్పటికి కొన్ని వందల ఎలుకల మీద నొప్పి కొలిచానని పేపర్లు వేసుకున్నవాణ్ణి. మంట, సలుపు, పోటు, ఈ మూడింట్లో నేను కొలిచింది ఏది?

మాటల విలువ తెలిసినవాడు రొనాల్డ్ మెల్జాక్. 1965లో పాట్రిక్ వాల్‌తో కలిసి, వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారం ఉంటుందని, దాన్ని పైనుంచి మెదడు కూడా తెరవగలదు, మూయగలదని చెప్పిన మనిషి. ఆయనే 1975లో, రోగులు వాడే మాటలను గుంపులుగా పేర్చి మెక్‌గిల్ ప్రశ్నావళి తయారుచేశాడు. డెబ్భై ఎనిమిది మాటలు. మన దగ్గర మాత్రం తక్కువా? సలుపు, పోటు, తీపు, గుంజుడు, మంట, చురుకు, తిమ్మిరి, జివ్వుమనడం, సూదులు పొడిచినట్టుండడం. నరం దెబ్బతిన్నవాడు చెప్పే మాట వేరు, కీళ్ళు అరిగినవాడి మాట వేరు. నీ ల్యాబ్‌లో ఇది పని కాదంటారు. అయినా రోగులు అన్న మాట అన్నట్టుగా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకో.

అందుకే నీ రెండో ప్రశ్నకి, అంటే నొప్పి నరాల్లోని చానెళ్ళ వైపు వెళ్ళాలా ప్రవర్తన వైపు వెళ్ళాలా అన్నదానికి, ముందు ఒక వారం హాస్పిటల్‌కి వెళ్ళమంటాను. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, అక్కడ పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. అనుమతి తీసుకుని ఓ మూల కూర్చో. మార్ఫిన్ ద్రవం తాగినవాళ్ళ మొహం అరగంటలో ఎలా సడలుతుందో చూస్తే, ఏ రిసెప్టార్ పాఠమూ చెప్పలేనిది తెలుస్తుంది. ఇంకోటి కూడా తెలుస్తుంది. మధ్యప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో లైసెన్సు మీద నల్లమందు పండించే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత మార్ఫిన్ అంటేనే మందుల షాపులు భయపడే రోజులొచ్చాయి. 2014లో చట్టం సవరించాక దారి కొంత సులువైంది. కొత్త మందు కనిపెడతానని బయల్దేరేవాళ్ళకి, పాతమందు ఎందుకు అందడంలేదో తెలిసి ఉండాలి.

ఇక ఎలుకకి పనిచేసింది మనిషికి పనిచేస్తుందా అన్న విషయం. సబ్‌స్టెన్స్ పి అన్న పదార్థాన్ని 1931లో గుర్తించారు. నొప్పి కబురు మోసుకెళ్ళేది అదే అనుకుని, దాని రిసెప్టార్‌ని మూసే మందుల మీద 1990ల్లో పెద్ద కంపెనీలు కోట్లు గుమ్మరించాయి. జంతువుల్లో బ్రహ్మాండం, మనుషుల్లో నొప్పి ఇసుమంతైనా కదల్లేదు. ఆ కుటుంబంలోని అప్రెపిటెంట్ చివరికి 2003లో బజారుకొచ్చింది, క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకి! నొప్పికి పనికిరాకపోయినా ఎందరికో అన్నం ఇమిడేలా చేసింది. నేను దాన్ని అపజయం అనను.

మిరపకాయ సంగతి చెప్పకపోతే గుంటూరు వాణ్ణే కాదు. మిర్చి యార్డులో టిక్కీలు దించే హమాలీ మొహానికి తువ్వాలు ఎందుకు చుట్టుకుంటాడో చిన్నప్పుడే తెలుసు మనకి. కానీ మిరప ఘాటుకి అలవాటుపడిన నరం ఆ తర్వాత మొద్దుబారుతుందని 1940ల్లో తేల్చింది హంగరీకి చెందిన మిక్లోష్ యాంచో. వాళ్ళదీ కారం తినే దేశమేలే. 1997లో డేవిడ్ జూలియస్ బృందం కాలిఫోర్నియాలో ఏం చేసిందంటే, నొప్పి నరాల్లో పనిచేసే జన్యువులను మామూలు కణాల్లోకి గుంపులు గుంపులుగా ఎక్కించి, వాటి మీద మిరప సారం క్యాప్సైసిన్ పోసి, ఏ కణం మెరుస్తుందా అని చూస్తూ కూర్చుంది. మెరిసింది. అందులో ఒక చానెల్ దొరికింది. ఆ చానెల్‌ పేరు టి.ఆర్.పి.వి. 1, దాదాపు 43 డిగ్రీల వేడికీ అదే తెరుచుకుంటుంది. మన నోటికి మిరపకాయ మంటగా ఉండడం పోలిక కాదన్నమాట, ఒకే తలుపు. 2021లో జూలియస్‌కి ఆర్డెమ్ పటపూషియన్‌తో కలిసి నోబెల్ వచ్చింది. మరి ఆ తలుపు మూసేస్తే నొప్పి పోవాలి కదా? మూసే మందులు చేశారు. కొందరికి జ్వరం వచ్చింది, కొందరికి వేడి తెలియకుండా పోయింది. చివరికి మూయడం కన్నా, 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ అంటించి ఆ నరాల కొసల్నే కొన్నాళ్ళు మొద్దుబార్చడం మేలయింది. అమెరికాలో 2009లో అనుమతించారు, సర్పి తర్వాత మిగిలే నొప్పికే. మా అమ్మకి ఆ పట్టీ వేయించలేకపోయాను. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన మనిషి మరి.

కొత్త మందు రావడానికి ఎంతకాలం పడుతుందని అడిగావు. నావ్ 1.8 అన్న సోడియం చానెల్‌ని 1996లో గుర్తించారు. దాన్ని ఆపే సుజెట్రిజిన్‌కి అమెరికాలో అనుమతి దొరికింది 2025 జనవరిలో. ఇరవై తొమ్మిదేళ్ళు. అదీ ఆపరేషన్ తర్వాతి నొప్పిలాంటి తాత్కాలిక నొప్పులకే. నడుంనుంచి కాలికి లాగే నొప్పి మీద చూస్తే, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకీ దాదాపు అంతే తగ్గింది. దాని అన్నలాంటి నావ్ 1.7 కథ ఇంకా చిత్రం. ఉత్తర పాకిస్తాన్‌లో ఒక పిల్లాడు వీధుల్లో చేతికి కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి డబ్బులు అడుక్కునేవాడు. పద్నాలుగేళ్ళు నిండకుండానే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. అతని బంధువుల జన్యువులు చూసి 2006లో ఆ చానెల్ లేకపోవడమే కారణమని తేల్చారు. ఇంత సూటిగా దారి దొరికాక మందు రేపో మాపో అనుకున్నాం. ఇప్పటికీ రాలేదు. కాబట్టి నీ పిహెచ్.డి. అయిదేళ్ళూ ఒక్క చానెల్ మీదే పందెం కాయకు. చానెల్ గుండా పారే కరెంటుని కొలిచే ప్యాచ్ క్లాంప్ నేర్చుకో, అది చేతిలో విద్య, చానెల్ మారినా అన్నం పెడుతుంది. ప్రవర్తన పరీక్షలు కూడా నీ చేత్తో చెయ్యి, అటెండర్ మీద వదలకు.

అటెండర్ అంటే గుర్తొచ్చింది. కెనడాలో జెఫ్రీ మోగిల్ బృందం 2014లో చూపించిందేమిటంటే, మగమనిషి గదిలో ఉంటే, ఆఖరికి అతను తొడిగి విప్పిన టీషర్టు ఉన్నా చాలు, ఎలుకలు బెదిరి నొప్పి తక్కువ చూపిస్తాయి. నవ్వు నువ్వు. నేను నవ్వలేదు, నా పాత లెక్కలన్నీ కళ్ళముందు తిరిగాయి. పరీక్ష ఎవరు చేశారో ప్రతిరోజూ నోటుబుక్కులో రాయి. ఏ ఎలుకకి ఏ మందో తెలిపే కోడు కాగితం నీ దగ్గర పెట్టుకోకు, వేరేవాళ్ళకివ్వు. ఆడ ఎలుకల్ని కూడా పెట్టు. దీర్ఘకాలపు నొప్పులతో హాస్పిటళ్ళకి వచ్చేది ఆడవాళ్ళే ఎక్కువ, ల్యాబుల్లో మగ ఎలుకలే ఎక్కువ, ఇదెక్కడి న్యాయం?

గైడు దగ్గర చేరేముందు ఆయన స్టూడెంట్లతో క్యాంటీన్‌లో టీ తాగు. ఫలితం రానప్పుడు ఆయనేమంటారో అడుగు, వచ్చినప్పుడు సంగతి అక్కర్లేదు.

మూడు పాత నోటుబుక్కులు మీ అన్నయ్య చేత పంపుతున్నాను. మూడోదాంట్లో ఒక పేజీ కొస మడిచి ఉంటుంది. నా మందు ఇచ్చిన ఎలుకలు వేడిపలక మీద ఎంతసేపైనా కాళ్ళు ఎత్తడం లేదని గొప్పగా రాసుకున్న రోజు అది. రెండేళ్ళు ఆ మందు వెంటపడ్డాను. రోటారాడ్ అనే తిరిగే కడ్డీ మీద నిలబెట్టి చూద్దామన్న బుద్ధి చివర్లో పుట్టింది, ఎక్కించిన ఎలుక ఎక్కించినట్టే కింద పడింది. వాటికి నొప్పి తగ్గలేదమ్మా, మత్తెక్కింది. నీ గ్రాఫ్‌లోని ఎలుకల్ని రేపే ఆ కడ్డీ ఎక్కించి, ఎంతసేపు నిలబడ్డాయో రాసి పంపు.

మీ మామయ్య