సభల బాకీ తీర్చేటప్పుడు: చేయవలసినవి - చేయకూడనివి

2024 జనవరి 5, 6, 7 తేదీల్లో రాజమహేంద్రవరం గైట్ కళాశాలలో రెండో అంతర్జాతీయ తెలుగు మహాసభలు జరిగాయి. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి వెయ్యేళ్లు నిండిన సందర్భం. అమలాపురం నుంచి మూడు రోజులూ బండి మీద వెళ్లొచ్చిన విలేకరుల్లో నేనూ ఒకణ్ణి. ఏ రోజు వార్త ఆ రోజే డెస్కుకి వెళ్లిపోయింది. రాయకుండా మిగిలింది అసలు సరుకు: సదస్సుల ప్రసంగాలు, కవి సమ్మేళనం, కొత్త పుస్తకాల పరిచయాలు. నన్నయ భారతంలో అరణ్యపర్వం దగ్గర ఆపేసింది ఎర్రన పూరించాడు. మన బాకీ పూరించడానికి ఏ ఎర్రనా రాడు. అందుకే కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ నాలుగు మాటలు.

ఆఖరి రాత్రి

నిద్ర కళ్లతో బండి ఎక్కకండి. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల నెత్తురులో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు తేల్చాయి. మన చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. పొద్దున్న ఆరింటికి లేచి రాత్రి పదకొండుకి రావులపాలెం దాటుతున్నామంటే లెక్క అక్కడికే వచ్చింది. ఆపైన కొత్తపేట మీదుగా రోడ్డు, పక్కన కాలువ, జనవరి మంచు. టీ తాగితే తగ్గేది కాదది. ఆ రాత్రికి రాజమహేంద్రవరంలోనే తెలిసినవాళ్లింట్లో పడుకుని తెల్లారి, మంచు విడిచాక బయల్దేరండి.

ఇల్లు చేరగానే

రాయడం తర్వాత. ముందు ఫోన్లోని రికార్డింగులూ ఫొటోలూ కంప్యూటర్లోకి ఒకసారి, పెన్‌డ్రైవ్‌లోకి ఇంకోసారి ఎక్కించండి. అన్నీ ఇంటర్నెట్‌లోనే దాచుకుంటే సరిపోతుందనుకోకండి. 2022 మేలో జిల్లా పేరు మార్పు గొడవలప్పుడు కోనసీమలో ఇంటర్నెట్ ఆపేస్తే మనం పడ్డ పాట్లు గుర్తున్నాయి కదా. వేడెక్కిన ఫోన్ని చార్జింగ్ పెట్టి తలగడ కింద తోయకండి.

పేర్ల దగ్గర

నా నోటుపుస్తకంలో ఇప్పటికీ ఒక పేజీ ఉంది. టీ మరక మధ్యలో నా చేతిరాతే: "నీలం చొక్కా - చాలా బాగా చదివాడు." ఆ రోజు ఆ చొక్కాని మర్చిపోవడం అసాధ్యమనిపించింది. మూడో రోజుకి ఎవరో, ఏ ఊరో, ఏం చదివాడో ఏమీ మిగల్లేదు. ఆ కవి గురించి ఒక్క ముక్కా రాయలేకపోయాను. చాలా బాగా చదివిన మాట మాత్రం నిజం.

అంతకంటే పెద్ద తప్పు చాలా ఏళ్ల కిందట ఇంకో సభ తర్వాత చేశాను. నేను లేని వేదిక గురించి ఆహ్వాన పత్రిక ముందు పెట్టుకుని రాసేశాను. అందులో పేరున్న ఒక పెద్దాయన జ్వరంతో అసలు రానేలేదు. "అబ్బాయ్, నేను బాగానే మాట్లాడానంట కదా" అని ఆయనే ఫోన్ చేశారు. తిట్టినా బాగుండేది.

కాబట్టి ఆహ్వాన పత్రికని హాజరు పట్టీ అనుకోకండి. చూడని సదస్సు సంగతి చూసినవాళ్లని అడిగి, ఎవరు చెప్పారో కూడా రాసుకోండి. ఇంటిపేరు, ఇనీషియల్స్ ఆ మనిషినే అడగండి. ఒకే పేరుతో ఇద్దరు కవులు మన జిల్లాలోనే దొరుకుతారు. రికార్డింగులో వినపడని మాటని ఊహించి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకండి. సారాంశం రాస్తే సారాంశంలాగే రాయండి. వేదిక మీద ఒకరినొకరు దెప్పుకున్న మాటలు మరీ జాగ్రత్త. నిర్ధారణ లేకుండా అచ్చయితే పరువు నష్టం కింద భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ ఉంది, రెండేళ్ల దాకా జైలు.

కవిత నచ్చింది కదా అని మొత్తం వేసేయకండి. కవి అనుమతి అడగండి. హక్కు కవి బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. కవయిత్రుల ఫోన్ నంబర్లు ఎవరడిగినా ఇవ్వకండి. "అభిమానినండీ" అన్నవాడికి అసలే ఇవ్వకండి.

కూర్చుని రాసేటప్పుడు

ఇరవై నిమిషాలకోసారి తెర మీంచి కళ్లు తిప్పి, ఇరవై అడుగుల అవతల ఏదైనా ఇరవై సెకన్లు చూడండి. మన పెరళ్లలో కొబ్బరిచెట్టుకి కరువా! మణికట్టు లాగుతుంటే ఆపేయండి.

భోగి నాటికి బాకీ తీరిపోవాలి. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల ప్రభల తీర్థం ఉంటుంది. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు జనం భుజాల మీద కౌశిక నీళ్లలోకి దిగే క్షణానికి ఫోన్లో మెమరీ నిండిపోయిందని రాకూడదు. సభల ఫొటోలు తీసేసేముందు పెన్‌డ్రైవ్‌ పెట్టి ఒక్కసారి తెరిచి చూసుకోండి.