కత్తెర పెట్టే ముందు బట్ట మూల సరిచూడాలి

పోయిన చలికాలం మన బోరబండ కుట్టు కేంద్రానికి ఒక దాత వచ్చారు. రజాయీల కోసం ఆయన ఇచ్చిన కాటన్ బట్ట ఆ రోజు బల్లమీదే ఉంది. కానీ ఆయన చూపు బల్ల కింద ఉన్న బుట్టమీద పడింది. అందులో ఏటవాలుగా కత్తిరించిన పొడవాటి ముక్కలు, అంచు పట్టీలు, లాగేసిన దారాలు ఉన్నాయి. "ఇదంతా నేనిచ్చిన బట్టేనా అమ్మా?" అని అడిగారు. కోపంతో అడగలేదు, కాస్త బాధగా అడిగారు. పని తొందరలో ఉండి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. బట్ట ఇచ్చే ప్రతి ఒక్కరికీ ఆ జవాబు తెలియాలి గనుక ఇక్కడ రాస్తున్నాను. దానంగా వచ్చిన బట్ట మా చేతిలో అమానత్. దానిలో ఒక్క అంగుళం బుట్టలో పడినా ఎందుకు పడిందో అడిగే హక్కు ఇచ్చినవారికి ఉంది.

ముందు మా తప్పు ఒకటి చెప్పాలి. మొదటి ఏడు మేము బుట్టలో ఏమీ పడేయలేదు. వచ్చిన బట్టను వచ్చినట్టే మడత పెట్టి, సుద్దతో గీతలు గీసి, గళ్లుగా కత్తిరించి కుట్టేశాం. రజాయీలు చూడటానికి బాగానే ఉన్నాయి. రెండు నెలల తర్వాత సైట్-3 నుంచి ఒక ఖాలా తన రజాయిని ఉతికి, మడత పెట్టి తీసుకొచ్చింది. పరిచి చూస్తే ఒక మూల పైకి లేచి, ఇంకో మూల కిందికి జారి, మొత్తం రజాయి మెలిపెట్టినట్టు ఉంది. అస్తరు ఒకవైపు బయటికి వేలాడుతోంది. మేము 90 అంగుళాల పొడవున ఇచ్చింది టేపు పెడితే 86 వచ్చింది. "నేను వేడినీళ్లలో వేశానేమో ఆపా, తప్పు నాదేనేమో" అంది. తప్పు ఆమెది కాదు. బట్ట ఉతకకుండా, మూల చూడకుండా కత్తెర పెట్టిన మాది.

కొలతలో తగ్గించి ఇచ్చేవారి పేరు మీదనే ఖురాన్‌లో ఒక సూరా ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్, 83వది. మేము కావాలని తగ్గించలేదు. కానీ రేకుల ఇంట్లో డిసెంబరు రాత్రి ఆ రజాయి కప్పుకున్న పిల్లవాడి కాళ్లు బయట ఉంటే, కావాలని చేశామా తెలియక చేశామా అన్నది వాడి చలిని తగ్గించదు కదా.

ఇక అసలు విషయం. నేసిన బట్ట ఏదైనా రెండు రకాల దారాల అల్లిక. నిలువుగా పొడవునా పోయేది పడుగు, అడ్డంగా అల్లేది పేక. మన ఇళ్లలో తానా, బానా అంటాం. మగ్గం మీద ఈ రెండూ ఒకదానికొకటి నిలువు అడ్డంగా, సరైన మూలలో ఉంటాయి. తర్వాత బట్టను ఉడికించి, రంగు వేసి, గంజి పెట్టి, లాగి ఆరబెట్టి, తానుగా చుట్టేటప్పుడు ఒక అంచు ముందుకు, ఇంకో అంచు వెనక్కి జరుగుతుంది. అప్పుడు పేక దారాలు ఏటవాలుగా వంగుతాయి. ఒక్కోసారి రెండంచులూ నిలిచి మధ్యభాగం విల్లులా వంగుతుంది. గంజి, ఇస్త్రీ ఆ వంకరను అలాగే పట్టి ఉంచుతాయి. కొత్త బట్ట చేతిలో నిటారుగా, అందంగా కనిపిస్తుంది. మొదటి ఉతుకులో గంజి పోగానే దారాలు తమ పాత చోటికి వెళ్లిపోతాయి. మనం కత్తిరించిన గడి వాటితో పాటే వంకర తిరుగుతుంది.

బట్ట సాగే తీరు కూడా తెలుసుకోవాలి. పడుగు వైపు లాగితే బట్ట దాదాపు సాగదు. పేక వైపు కొంచెం సాగుతుంది. క్రాస్‌గా, అంటే మూల నుంచి మూలకు లాగితే బాగా సాగుతుంది. గడి అంచులు దారం వెంట ఉంటే అది మిషన్ కింద కుదురుగా నడుస్తుంది. క్రాస్‌కు తిరిగి ఉంటే మిషన్ పళ్లు లాగినప్పుడు సాగి, చదరం కాస్తా గాలిపటం ఆకారంలోకి వస్తుంది. కొత్తగా నేర్చుకునే అమ్మాయిలు తమ కుట్టు బాగాలేదనుకుని ఏడుస్తారు. చాలాసార్లు తప్పు కుట్టులో ఉండదు, కటింగ్‌లో ఉంటుంది.

"మా అమ్మమ్మ ఇవేవీ చూడకుండానే బొంతలు కుట్టింది, అవి ఇరవై ఏళ్లు వచ్చాయి" అని చాలామంది అంటారు. నిజమే. ఆ బొంత పద్ధతి వేరు. అది పాత చీరలతో, పాత లుంగీలతో కుట్టినది. వందసార్లు ఉతికిన బట్ట ఇక కొత్తగా గుంజుకునేది ఏమీ ఉండదు. పొరలు పరిచి చేత్తో దగ్గర దగ్గరగా టాకాలు వేసుకుంటూ పోతే ఎక్కడ వంకర వచ్చినా చెయ్యి అక్కడికక్కడే సర్దుకుంటుంది. ఉత్తర కర్ణాటకలో సిద్దీ స్త్రీలు, వారిలో ముస్లింలూ ఉన్నారు, కవంది అనే బొంత ఇలాగే కుడతారు. అస్తరు మీద అంచు నుంచి మొదలుపెట్టి, ముక్కల చివరలు లోపలికి మడిచి కుట్టుకుంటూ మధ్యకు వస్తారు. ఏ ముక్కా ఇంకో ముక్కతో కొలతలో సరిపోనక్కరలేదు. ఒకే మనిషి మొదటి నుంచి చివరిదాకా కుట్టే పని అది.

మన కేంద్రంలో ఆ వీలు లేదు. ఒకరు కత్తిరిస్తారు, నలుగురు వరుసలు కుడతారు, ఇంకొకరు వరుసలు కలుపుతారు, వేరొకరు దూది పరిచి అస్తరు వేస్తారు. ఒకరి చేతి ముక్క ఇంకొకరి ముక్కతో కలవాలి. మా రజాయి 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. 5 అంగుళాల గళ్లు అడ్డంగా 12, నిలువుగా 18, మొత్తం 216. కుట్టులోకి నాలుగువైపులా పావు అంగుళం పోతుంది కాబట్టి ఒక్కో గడి ఐదున్నర అంగుళాలకు కత్తిరించాలి. ఒక్కో గడిలో ఒక సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చిందనుకోండి. 12 గళ్ల వరుసలో అది అంగుళంన్నర అవుతుంది. పక్క వరుస సరిగ్గా వచ్చి ఉంటే ఆ రెండింటినీ కలిపే అమ్మాయి ఏం చేయాలి? లాగి కుడుతుంది, లేదా విప్పుతుంది. ముక్క లెక్కన కూలి తీసుకునేవారికి విప్పిన సమయానికి పైసా రాదు. బుట్టలో పడే రెండు అంగుళాల బట్ట దాత కంటికి కనిపిస్తుంది. కుట్టు విప్పుతూ పోయిన ఆ అమ్మాయి మధ్యాహ్నం ఎవరి కంటికీ కనిపించదు.

ఇప్పుడు మేము చేసే పని చెబుతాను. బట్ట రాగానే తడపడం మొదటిది. రాత్రి నానబెట్టి, గంజి పోయేదాకా ఉతికి, నీడన ఆరేస్తాం. ముందు కుంచింపజేయని కాటన్ నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా గుంజుకుంటుంది, అదీ ఎక్కువగా పొడవు వైపు. ఎరుపు, నీలం, నలుపు బట్టలను విడిగా తడిపి, తడి తెల్లగుడ్డతో రుద్ది చూస్తాం. రంగు దిగేదాన్ని రజాయిలో వేయం. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ. ఇస్త్రీ పెట్టె నిలువుగా గానీ అడ్డంగా గానీ పోవాలి, క్రాస్‌గా తోయకూడదు. తోస్తే మనమే కొత్త వంకర పుట్టించినట్టు.

తర్వాత పేక దారం ఎటు పోతోందో కనుక్కోవాలి. పత్తర్‌గట్టీ దుకాణాల్లో పాతకాలపు వ్యాపారులు మీటరు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, పర్రున చింపి ఇవ్వడం మీలో చాలామంది చూసే ఉంటారు. అది తొందరపాటు పని కాదు. చిరుగు దారం వెంటే పోతుంది, కత్తెర మన చెయ్యి ఎటు పోతే అటు పోతుంది. సాదా కాటన్‌కు మేమూ అదే చేస్తాం. చింపినచోట అర అంగుళం దాకా దారాలు సాగి ముడతపడతాయి, దాన్ని తీసేయాలి. పలచని బట్ట అయితే అంచు దగ్గర గాటు పెట్టి ఒక పేక దారాన్ని పట్టుకుని మెల్లగా లాగుతాం. బట్టలో సన్నని గీత పడుతుంది, దాని వెంటే కత్తిరిస్తాం. దారం మధ్యలో తెగితే అక్కడి నుంచి మళ్లీ పట్టుకోవాలి. ఓపిక లేనివారికి ఈ పని ఇవ్వకూడదని అనుభవం మీద నేర్చుకున్నాను.

కొత్తవారికి పేక, పడుగు చూపించడానికి నేను ఒక గళ్ల లుంగీ దగ్గర ఉంచుకుంటాను. నేతలోనే వచ్చిన గడి కాబట్టి గీతే దారం, దారమే గీత. అచ్చు వేసిన గళ్లను నమ్మకూడదు. వెనక్కి తిప్పి చూస్తే రెండు వైపులా ఒకేలా ఉన్నది నేత, వెనక వెలిసినట్టు ఉన్నది అచ్చు. ఈ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పుట్టపాక తేలియా రుమాలును ఎప్పుడైనా దగ్గరగా చూడండి. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారాలను నేతకు ముందే కట్టి రంగులో ముంచి, మగ్గం మీద పడుగు రంగు, పేక రంగు సరిగ్గా ఒకచోట కలిసేలా నేస్తారు. రుమాలు చదరంగానే ఉంటుంది. దారం పక్కకు జరిగితే డిజైనే చెప్పేస్తుంది. మన దగ్గరికి వచ్చే సాదా బట్టకు అలా చెప్పే నోరు లేదు, మనమే అడగాలి.

చివరలు చింపిన తర్వాత బట్టను పొడవునా మడిచి అంచుకు అంచు కలుపుతాం. చివరలు కూడా కలిస్తే బట్ట సరిగ్గా ఉన్నట్టు. ఒకటి దాటి ఇంకొకటి పోతే వంకర ఉన్నట్టు. అప్పుడు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, కురచగా ఉన్న మూలను, దానికి ఎదురు మూలను పట్టుకుని క్రాస్‌గా లాగుతారు. కొంచెం జరిగి మళ్లీ లాగుతారు. తడి బట్ట తొందరగా మాట వింటుంది. పాలిస్టర్ కలిసిన బట్ట వినదు, దాని ఆకారం మిల్లులోనే వేడితో బిగిసిపోయి ఉంటుంది. దాన్ని దిండు గలీబులకు పక్కన పెడతాం.

అంచు పట్టీని తీసేయడం చాలామందికి నచ్చదు. కానీ అక్కడ దారాలు చిక్కగా ఉంటాయి, మిగతా బట్టతో సమానంగా గుంజుకోవు. రజాయి మధ్యలో ఆ పట్టీ ఉంటే ఉతికాక అక్కడ ముడతలు వస్తాయి. అందుకే అర అంగుళం తీసేస్తాం. ఆఖరున మూల చూస్తాం. ఎల్ స్కేలు లేకపోయినా టేపు చాలు. మూల నుంచి ఒకవైపు 18 అంగుళాలు, రెండో వైపు 24 అంగుళాలు గుర్తు పెట్టి ఆ రెండు గుర్తుల మధ్య కొలిస్తే 30 రావాలి. ఇల్లు కట్టే మేస్త్రీ పునాది గీసేటప్పుడు చూసే లెక్కే ఇది. పెద్ద అస్తరుకు ఎదురెదురు మూలల మధ్య రెండుసార్లు కొలుస్తాం. 60కి 90 ఉన్న బట్టలో రెండూ 108 అంగుళాల పైన ఒక సూతు దగ్గర, సమానంగా రావాలి. ఇవి కుదిరాకే కత్తెర. నాలుగైదు పట్టీలు తీశాక మళ్లీ మూల చూస్తాం, ఎందుకంటే చెయ్యి తెలియకుండానే జారుతుంది.

విదేశాల్లో ఉన్న బంధువులు పంపే గుండ్రటి బ్లేడు కత్తి, గళ్ల చాప మా దగ్గర ఒక జత ఉన్నాయి. 1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ తెచ్చిన కత్తి అది. పని మూడింతలు తొందరగా అవుతుందన్నది నిజమే. వంకర బట్టను కూడా అంతే తొందరగా వంకరగా కోస్తుంది.

బట్ట ఇచ్చేవారికి ఒక లెక్క చెప్పి ముగిస్తాను. 44 అంగుళాల వెడల్పు బట్టలో పేక రెండు అంగుళాలు ఏటవాలుగా ఉందనుకోండి. పది మీటర్లు ఒకే ముక్కగా ఇస్తే సరిచేయడంలో మొత్తం రెండు అంగుళాల పొడవు పోతుంది. అదే పది మీటర్లను మీటరు చొప్పున పది కట్ పీసులుగా ఇస్తే ప్రతి ముక్కలో రెండేసి, మొత్తం 20 అంగుళాలు, అంటే అర మీటరు పోతుంది. డబ్బు అంతే, దానం అంతే, రజాయిలోకి చేరేది మాత్రం తక్కువ. కాబట్టి వీలైతే నలుగురు కలిసి ఒకే తాను కొని ఇవ్వండి. ఒక రజాయి పైభాగానికి 44 అంగుళాల పన్నా కాటన్ ఉతికాక నాలుగున్నర మీటర్లు ఉండాలి, కాబట్టి ఐదు మీటర్లు కొంటే ఇబ్బంది ఉండదు. అంచును తీసేయకుండా ఉంచండి, పొడవు వైపు ఏదో మాకు అదే చెబుతుంది. జూబ్లీహిల్స్ బొటిక్‌ల నుంచి మిగులు ముక్కలు తెచ్చేవారు శాటిన్, జార్జెట్, కాటన్ వేర్వేరు సంచుల్లో కట్టి ఇస్తే ఏరుకునే ఒక పూట పని తగ్గుతుంది. మా బల్ల మూడడుగుల వెడల్పుదే. 44 అంగుళాల బట్ట పూర్తిగా పరచడానికి చాలక ఇప్పటికీ నేలమీద చాపలు వేసి కొలుస్తున్నాం.

ఆ బుట్ట సంగతి చెప్పలేదు కదూ. అంచు పట్టీలు గట్టిగా ఉంటాయి కాబట్టి రజాయీలు చుట్టి కట్టే తాళ్లుగా వాడుతున్నాం. ఏటవాలు ముక్కలు దిండ్లలోకి వెళ్తాయి. లాగిన దారాల్లో పొడవైనవి టాకాలకు వస్తాయి. నెలాఖరున బుట్ట తూచి ఆ బరువును స్టాకు పుస్తకంలో, వచ్చిన బట్ట లెక్క ఎదురుగా రాస్తున్నాం. ఎవరు వచ్చి అడిగినా ఆ పేజీ చూపిస్తాం.