గడ్డే దాని అన్నం

శ్రీకాకుళం

అమ్మలూ,

నీ గినీ పిగ్ ఫొటోలు మీ అమ్మ చూపించింది. గూట్లో క్యారెట్ ముక్కలు, పెల్లెట్లు, ఓ మూల మరమరాలు కూడా ఉన్నాయి. గడ్డి మాత్రం పడకకని కింద పరిచినదే. అది చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

గినీ పిగ్‌కి 20 పళ్లు. ముందు పళ్లే కాదు, దవడపళ్లు కూడా బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని గంటలకొద్దీ నూరి నమిలితేనే అరుగుతాయి. పెల్లెట్ రెండు కొరుకుల్లో పిండైపోతుంది, దానితో పన్నేం అరుగుతుంది? పెరిగిన దవడపళ్లు నాలుక మీదకి వంగాయంటే, ఆకలి వేస్తున్నా తినలేదు. కడుపు సంగతి ఇంకా సున్నితం. వెనకనుంచి పీచు అందుతూ ఉంటేనే దాని పేగు కదులుతుంది. ఒక్క రోజు మేత మానితే చాలు, పేగు స్తంభించి ప్రాణం మీదకొస్తుంది. అందుకే రాత్రీ పగలూ గడ్డి ముందుండాలి. తినే దాంట్లో ముప్పాతిక వంతు పైగా అదే కావాలి.

మన వైపు గడ్డికి కరువేముంది, ఏ కళ్లంలో చూసినా వరిగడ్డేనని మీ నాన్న అంటాడు. అది వద్దమ్మా. కంకి పండేసరికి మొక్కలోని సారమంతా గింజలోకి పోతుంది. మిగిలేది ఇసుకలో ఉండే సిలికాతో బిరుసెక్కిన కాడ. కింద పరచడానికి బాగుంటుంది, కడుపు నింపడానికి కాదు. చోడిగడ్డి పశువులకి వరిగడ్డికంటే మేలే, కానీ అదీ గింజ తీసేసిన కాడే. గింజ పట్టకముందు కోసి ఆరబెట్టిన గడ్డి కావాలి. బయట దేశాల తిమోతి గడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ధర ఎక్కువ. మన గరిక చక్కగా సరిపోతుంది. పురుగుమందు కొట్టే పొలం గట్లది మాత్రం కోయకు. లూసర్న్ గడ్డి పిల్లలకీ చూడి తల్లులకీ సరే, పెద్దవాటికి రోజూ పెడితే కాల్షియం ఎక్కువై మూత్రసంచిలో రాళ్లు రావచ్చు.

ఆరబెట్టడానికి పుష్య, మాఘ మాసాలు మంచివి. పలచగా పరచి, తిరగేస్తూ, కాడ విరిస్తే పుటుక్కుమనేదాకా ఆరనివ్వాలి. మన సముద్రపు గాలి చెమ్మ నీకు తెలిసిందే. ప్లాస్టిక్ కవర్లో కుక్కితే లోపల ఉమ్మగిల్లి బూజు పడుతుంది. గోనెసంచిలో వేసి, నేలకి తగలకుండా పెట్టు. ముక్క వాసన వచ్చిందా, పారేయి. డబ్బులు పోసి కొన్నదైనా సరే.

మనిషిలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి సొంతంగా తయారుచేసుకోలేదు. ఎండుగడ్డిలో అది చాలినంత ఉండదు. రోజూ కాప్సికం ముక్క, కాస్త కొత్తిమీర పెట్టు. జామపండు అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు, తీపి కదా. పెల్లెట్లు రోజుకో చెంచా. మరమరాలు, బిస్కెట్లు ఇవాళే ఆపేయి. గడ్డి మాత్రం ఎంత తింటే అంత.

వారానికోసారి వంటింటి త్రాసులో తూచి రాసుకో. పెంటికలు చిన్నవైనా, తగ్గినా, మేత ముట్టకపోయినా తెల్లారేదాకా ఆగకు. మీ విజయనగరానికి దగ్గర్లోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ముందే కనుక్కుని ఫోన్ నంబరు గోడ మీద రాసి పెట్టుకో. గరిక ఓ బస్తా ఆరుతోంది, వచ్చే ఆదివారం మీ అన్నయ్య చేత పంపుతాను.

మీ పెదనాన్న