ఇత్తడి పంపు స్టవ్వు: లీకు, మరమ్మతు, జాగ్రత్తలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ప్రసిద్ధి చెందిన రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉపాధి నిమిత్తం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. 1951లో హిజ్లీలో నెలకొన్న భారత సాంకేతిక విజ్ఞాన సంస్థకు చేరువలోనిదే ప్రేమ్ బజార్. అక్కడ తెలుగు, బెంగాలీ, హిందీ పక్కపక్కనే వినిపిస్తాయి. తెలుగువారి కిరసనాయిలే హిందీవారికి మిట్టీ కా తేల్, బెంగాలీలకు కెరోసిన్ తేల్. పేర్లు వేరైనా, దానితో మండే పంపు స్టవ్వు నిర్మాణం ఒక్కటే. అది కారినపుడు కలిగే ప్రమాదమూ ఒక్కటే.

ఈ స్టవ్వును 1892లో స్వీడన్ దేశస్థుడు ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ రూపొందించాడు. 1911లో దక్షిణ ధ్రువాన్ని చేరిన అముండ్సెన్ బృందం వెంట ఉన్నదీ ఈ ప్రైమస్ స్టవ్వే. వంటగ్యాసు వచ్చిన పిమ్మట అటకెక్కిన ఇటువంటి స్టవ్వులను విహారయాత్రల కోసం తిరిగి దించేవారు, వెలిగించుటకు ముందు దాని పనితీరును గ్రహించడం అవసరం.

పంపు కొట్టినపుడు ట్యాంకులో గాలి ఒత్తిడి పెరిగి, నూనె గొట్టం ద్వారా బర్నరులోకి ఎక్కుతుంది. స్పిరిటుతో ముందుగా వేడెక్కిన బర్నరులో అది ఆవిరియై, నిప్పిలు సన్నని రంధ్రం నుండి వెలువడి, గాలితో కలిసి నీలిమంటగా మండుతుంది. బర్నరు చాలినంత వేడెక్కకున్నచో నూనె ద్రవరూపంలోనే పైకి చిమ్మి, పచ్చని మంటలు లేస్తాయి. దీనిని లీకుగా పొరబడరాదు.

నిజమైన లీకును కనుగొనుటకు స్టవ్వును వెలిగించకుండా, దరిదాపుల్లో నిప్పు లేకుండా చూచి, కొద్దిగా పంపు కొట్టి, అతుకులపై సబ్బునీరు పూయాలి. బుడగలు లేచిన చోటే లోపమున్నది. మూత వద్ద బుడగలు వస్తే ఎండి బీటలువారిన వాషరును మార్చాలి. బర్నరు మొదట వస్తే అక్కడి సీసపు వాషరును మార్చి, మర చెడకుండా బిగించాలి. పంపు పిడి దానంతటదే పైకి వచ్చినా, పంపు గొట్టంలోకి నూనె ఎక్కినా, గొట్టం అడుగునున్న వాల్వు పాడైనట్లు. పిడి తేలికగా ఆడుతూ ఒత్తిడి పెరగకపోతే తోలు వాషరు ఎండినట్లు. దానిని నూనెలో నానబెట్టి, అంచులు విప్పార్చితే తిరిగి పనికివస్తుంది.

ట్యాంకే పగిలినచో ఇంట్లో మాటు వేయుటకు పూనుకోరాదు. ఖాళీగా కనిపించే ట్యాంకులోనూ ఆవిరి మిగిలి ఉంటుంది. వేడి తగిలితే పేలవచ్చు. మండుచున్న స్టవ్వులో నూనె పోయడం, కిరసనాయిలులో పెట్రోలు కలపడం ప్రాణాంతకం. స్టవ్వు కారుతున్నట్లు అనుమానం కలిగిన వెంటనే గాలి మరను వదులు చేసి ఒత్తిడి తీసివేయాలి.

కొద్దిపాటి తోలు, చిన్న సీసపు బిళ్ల ఒక కుటుంబ క్షేమాన్ని నిర్ణయించగలవు. ఈ జాగ్రత్తలు ఇంట్లో ఒక్కరికి తెలిస్తే చాలవు; స్టవ్వు ముట్టించే ప్రతి ఒక్కరికీ, వారికి తెలిసిన భాషలో తెలియాలి.